రాజనర్సయ్య కోసిన లావా

బల్కంపేట ఎల్లమ్మ గుడి నుంచి అమీర్‌పేట వైపు వచ్చే ఒక సందులో, మూడంతస్తుల ఇంటి మెట్ల కింద రాజనర్సయ్య పనిగది ఉండేది. ఆ ఇంటి మొదటి అంతస్తులో జావా చెప్పేవారు, రెండో అంతస్తులో ఒరాకిల్, మూడో అంతస్తులో అవి నేర్చుకునే కుర్రాళ్ళ హాస్టలు. మెట్లెక్కే వాళ్ళందరికీ కింద నుంచి బర్రుమని రాయి కోసే మోత వినిపించేది. కొత్తగా వచ్చినవాళ్ళు గ్రానైటు పలకల దుకాణం కాబోలనుకుని తొంగిచూసేవారు. లోపల అగ్గిపెట్టె కన్నా చిన్న గాజుముక్కలు తప్ప ఏమీ కనబడక, భుజం మీది సంచి సర్దుకుని క్లాసుకు వెళ్ళిపోయేవారు.

ఆ గాజుముక్కల్లో ఒక్కోదాని మీద ఒక్కో రాతిపొర అంటించి ఉండేది. వెంట్రుక మందంలో సగం కూడా ఉండని పొర. అంత పలచన చేస్తే నల్లరాయి గుండా కూడా వెలుతురు దూరుతుంది. భూగర్భశాస్త్రం చదివినవాళ్ళు ఆ స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి, ఆ రాయి ఎంత వేడిలో పుట్టిందో, ఎంత తొందరగా చల్లారిందో చెబుతారు. వాళ్ళు చెప్పాలంటే ముందు ఆ పొర తీసే చెయ్యి ఒకటి ఉండాలి. రాజనర్సయ్యది ఆ చెయ్యి.

అతనిది వికారాబాదు దగ్గర పల్లె. వాళ్ళ నాయన నల్లరాతితో రోళ్ళు, ఇసుర్రాళ్ళు కొట్టి అమ్మేవాడు. రాజనర్సయ్య పదో తరగతి తప్పి పట్నం వచ్చి, పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఒక కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పనికి కుదిరాడు. గాజును ఎంత అరగదీయాలో, ఎక్కడ ఆపాలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. బొటనవేలితో తడిమి తెలుసుకున్నాడు. 1979లో ఆ దుకాణానికి కళ్ళద్దాలు మార్చుకోవడానికి హనుమత్ప్రసాద్ గారు వచ్చారు. తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చెప్పే అధ్యాపకుడు ఆయన. లోపల పని చేస్తున్న కుర్రవాడు అద్దం అంచును వేలితో తడిమి, ఇంకా కొంచెం ఉందని మళ్ళీ చక్రానికి ఆనించడం చూశారు. కళ్ళద్దాల సంగతి మరిచిపోయి, ఇలాగే రాయిని కూడా అరగదీయగలవా, దాని వెనకాల అక్షరాలు పెడితే చదవగలిగేంత పలచన చేయగలవా అని అడిగారు.

మొదటి రాయి కోసి ఇవ్వడానికి పదకొండు రోజులు పట్టింది. ఎనిమిది పొరలు చేతిలోనే చిట్లిపోయాయి. తొమ్మిదోదాన్ని ఆయన మైక్రోస్కోపులో పెట్టి, నువ్వే చూడు అని పక్కకు తప్పుకున్నారు.

నల్లరాయిలో ఇంత రంగు ఉంటుందని రాజనర్సయ్యకు అప్పటిదాకా తెలియదు. నలుపు తెలుపు చారల పుల్లల్లాంటి స్ఫటికాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వాటి మధ్య నీలం, గులాబీ గింజలు. ఇది మీ ఊరి రాయే, అన్నారు ఆయన. ఒకప్పుడు ఇది నీళ్ళలా పారిందని, నేల చీలి, ఆ చీలికలోంచి పొంగి, ఇక్కడి నుంచి బొంబాయి దాకా పరుచుకుందని, అలా జరిగి ఆరున్నర కోట్ల ఏళ్ళు దాటిందని చెప్పారు. ఆ రోజు రాజనర్సయ్య గదికి నడుచుకుంటూ వెళ్ళాడు. ఇంట్లో నాయన కొట్టిన రోళ్ళన్నీ కళ్ళ ముందు మెదిలాయి. అవన్నీ ఒకప్పుడు పారిన రాళ్ళు. అవి పారుతుంటే చూసినవాడు లేడు.

ఒక కోరిక అతన్ని అప్పుడే పట్టుకుంది. రాయి పారుతుంటే ఒక్కసారి చూడాలి. ఎవరికి చెప్పినా నవ్వే కోరిక అది. పెళ్ళయిన కొత్తలో భార్య సత్తెమ్మకు చెప్తే, ఆమె నవ్వలేదు గాని, చీరలకు ఫాల్సు కుట్టే మిషను ఆపకుండానే, రాయి పారితే మనం ఏడ ఉంటమయ్యా అని అడిగింది.

పాతికేళ్ళపాటు అతను చల్లారిన లావానే కోశాడు. కళ్ళద్దాల దుకాణం మానేసి మెట్ల కింద గది అద్దెకు తీసుకున్నాడు. కోత యంత్రం తనే బిగించుకున్నాడు. కోసిన రాతిని మందపాటి గాజుపలక మీద గరుకుపొడి, నీళ్ళు వేసి సున్నాలు చుడుతూ రుద్దాలి. ఒక ముఖం నున్నగా అయ్యాక గాజుకు అంటించి, రెండో వైపు నుంచి అరగదీయాలి. చివరి దశలో మైక్రోస్కోపులో చూసుకుంటూ రుద్దాలి. పుల్లల్లో పసుపు ఛాయ పోయి తెల్లబడగానే ఆపాలి. ఇంకొక్క చుట్టు ఎక్కువైతే రాయి ఉండదు, గాజే ఉంటుంది. ఆ ఒక్క చుట్టు దగ్గర ఆగడమే రాజనర్సయ్య పనితనం.

ఈలోగా విశ్వవిద్యాలయంలో రాళ్ళు చదివేవాళ్ళు తగ్గిపోయారు. ఎం.ఎస్సీ. పూర్తయిన పిల్లలు మర్నాడే అమీర్‌పేటలో తేలేవారు. హనుమత్ప్రసాద్ గారి దగ్గర పరిశోధనకు చేరిన ముగ్గురిలో ఇద్దరు, రాజనర్సయ్య గది పైన మొదటి అంతస్తులోనే చేరారు. మెట్లెక్కేటప్పుడు అతని గది వైపు చూడకుండా తల తిప్పుకునేవారు. మూడో మనిషి భావన ఒక్కతే మిగిలింది. రాజమండ్రి అమ్మాయి, మధురానగర్ హాస్టల్లో ఉండేది. తన గదిలో మిగతా ముగ్గురూ సాఫ్ట్‌వేరు టెస్టింగు నేర్చుకుంటూ ఉంటే, ఈమె ఒక్కతే సంచిలో రాళ్ళు పెట్టుకుని వచ్చేది.

2004 మొదట్లో హనుమత్ప్రసాద్ గారికి అండమాన్ అవతల సముద్రంలో ఉన్న బ్యారెన్ దీవికి వెళ్ళే అవకాశం వచ్చింది. మన దేశంలో ఇంకా మంట చావని అగ్నిపర్వతం అదొక్కటే. తీరరక్షక దళం ఓడలో వెళ్ళి, నాలుగు గంటలు దీవి మీద గడిపి, పదేళ్ళ కిందట పారి గడ్డకట్టిన లావాలోంచి మూడు రాళ్ళు తెచ్చారు. మొదటిది గట్టిది. రెండోదానికి అక్కడక్కడ బుడగల బొక్కలు. మూడోది జల్లెడలా ఉంది. దసరాకు వారం ముందు మూడూ రాజనర్సయ్య చేతికి వచ్చాయి. ఒక్కోదానిలోంచి ఒక ముక్క స్లైడుకు, ఒక ముక్క పొడికి. పొడి చేసే ముక్కకు ఏ లోహమూ తగలకూడదని, కోత యంత్రం పళ్ళ గుర్తులు కూడా రుద్ది తీసేయాలని ఆయన మరీ మరీ చెప్పారు. ఆ పొడిని ప్రయోగశాలకు పంపి అందులో ఏ మూలకం ఎంతుందో కొలిపిస్తారు.

రాజనర్సయ్య ఒక్క మాట తప్పలేదు. పళ్ళ గుర్తులు రుద్దాడు. రాతిరోట్లో రాతి పొత్రంతోనే పొడి చేశాడు. కాని అంతకు రెండు రోజుల ముందు దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు యంత్రానికి, గాజుపలకలకు, పొడి డబ్బాలకు బొట్లు పెట్టాడు. వాళ్ళ ఇంట్లో ఒక అలవాటుంది. ఉలి పడబోయే కొత్తరాయికి, నువ్వులనూనెలో కలిపిన ఆంజనేయస్వామి సిందూరం ముందు పెట్టాలి. నాయన పెట్టేవాడు. మామూలు రాళ్ళకు రాజనర్సయ్య ఎన్నడూ పెట్టలేదు. కాని ఈ మూడూ నిప్పులోంచి వచ్చి పదేళ్ళే అయిన రాళ్ళు, ఇంకా పురిటి పచ్చి ఆరని రాళ్ళు. మూడింటికీ బొటనవేలితో ఒక్కో బొట్టు పెట్టి దండం పెట్టుకున్నాడు. కోసేముందు తడిగుడ్డతో తుడిచాడు. ఇనుము తగలకూడదని అతనికి తెలుసు. ఇత్తడి తగలకూడదని తెలుసు. దేవుడి బొట్టు కూడా లోహమేనని అతని ఆలోచనకు రాలేదు.

మరుసటి వేసవిలో ఫలితాలు వచ్చాయి. హనుమత్ప్రసాద్ గారు ఆ కాగితాలు పట్టుకుని పంజాగుట్ట నుంచి ఎండలో నడుచుకుంటూ వచ్చారు. అలాంటి రాళ్ళలో సీసం పది లక్షల పాళ్ళలో రెండో మూడో పాళ్ళు ఉండాలి. వీటిలో పదుల్లో, మూడోదానిలో వందల్లో ఉంది. ఆయన తొందరపడే మనిషి కాదు. ఏదో కలిసిందేమోనని అదే పొడిని ఇంకో ఊరి ప్రయోగశాలకు కూడా పంపి చూశారు. అక్కడా అదే లెక్క వచ్చింది. పొడి అదే కదా, మరి వేరే ఎలా వస్తుంది. గీతలకాగితం మీద మూడు చుక్కలు పెట్టి రాజనర్సయ్యకు చూపించారు. బొక్కలు పెరిగిన కొద్దీ సీసం పెరుగుతోంది. అంటే కింద మరుగుతున్న మాగ్మాలోంచి ఆవిరి సీసాన్ని మోసుకుని పైకి వస్తోందన్నమాట. ఇన్నాళ్ళూ అక్కడ ఇది ఎవరూ చూడలేదు. ఇంకో ఏడాదిలో పదవీ విరమణ చేయబోయే మనిషి, ఆ మెట్ల కింద స్టూలు మీద కూర్చుని, చుక్కలను వేలితో కలుపుతూ, కుర్రవాడిలా మాట్లాడారు.

అదే నెలాఖరున దీవి మళ్ళీ మండింది. పేపర్లో పొగ బొమ్మ వేశారు. సముద్రం నెమ్మదించాక జనవరిలో ఓడ వెళ్ళేలా అప్పుడే అనుమతి దొరికింది. సీసం సంగతి తేల్చడానికి వాళ్ళ విభాగానికి మూడు చోట్లు ఇచ్చారు. ఆయనకు, భావనకు, రాయి ఎక్కడ విరగ్గొట్టాలో తెలిసిన పనివాడు ఒకడికి. ఆ మూడో చోట ఆయన రాజనర్సయ్య పేరు రాశారు.

ఆ ఆరునెలలూ రాజనర్సయ్య నేల మీద లేడు. కాన్వాసు బూట్లు కొన్నాడు. ఓడలో వాంతులు కాకుండా ఏం తినాలో భావనను అడిగాడు. పోర్ట్‌బ్లెయిర్ ఏ దిక్కున ఉందో పై అంతస్తు కుర్రాళ్ళ చేత కంప్యూటరులో వెతికించి చూశాడు. సత్తెమ్మ మాత్రం దెప్పేది. చుట్టాలకు ఏమని చెప్పాలె, మా ఆయన పొగ జూడవోయిండని చెప్పాల్నా అని. ఆమెకూ లోపల గొప్పగానే ఉంది. పక్కింటివాళ్ళకు తనే ముందు చెప్పింది.

డిసెంబరులో వ్యాసం పత్రికకు పంపే ముందు, బొమ్మ కోసం మూడో రాయి స్లైడు ఇంకోటి కావాలన్నారు హనుమత్ప్రసాద్ గారు. మిగిలిన ముక్కను రాజనర్సయ్య కోశాడు. అంటించడానికి వేడిపలక మీద పెట్టాడు. రాయి కాస్త వేడెక్కగానే సన్నగా వాసన వచ్చింది. మాడిన నువ్వులనూనె వాసన. పొయ్యి మీద ఏమైనా పెట్టి మరిచిపోయానా అని చుట్టూ చూశాడు. ఆ గదిలో పొయ్యి లేదు.

రాయి తీసి భూతద్దం పెట్టి చూశాడు. ఒక బొక్క లోపలి గోడకు నారింజరంగు అంటుకుని ఉంది. బొట్టులోని సిందూరాన్ని నూనె లోపలి బొక్కల్లోకి ఈడ్చుకుపోయింది. తడిగుడ్డ పైపైన తుడిచింది, అంతే.

అది వట్టి రంగేమో, సీసంతో సంబంధం లేదేమో అని ఒక ఆశ. లేచి అమీర్‌పేట రోడ్డు మీది రంగుల దుకాణానికి వెళ్ళి, సిందూరంలో ఏముంటది భాయ్ అని అడిగాడు. దుకాణదారు ఇనుప గేట్లకు ముందు పూతగా వేసే ఎర్రపొడి డబ్బా మూత తీసి చూపించాడు. "సీసం కాల్చిన పొడి. నీ సిందూరం సుత ఇదే అన్నా. ఒకటి గేటుకు, ఒకటి దేవునికి." అని నవ్వాడు.

ఇంటికి వచ్చి సత్తెమ్మకు చెప్పాడు. ఆమె మిషను ఆపింది. అతనికి ఏం పోతుందో ఆమెకు వివరించనక్కరలేదు. సీసం లేకపోతే వ్యాసం లేదు. వ్యాసం లేకపోతే మూడు చోట్లూ ఉండవు. ఆమె గుమ్మం దగ్గర ఉన్న కొత్త బూట్ల వైపు చూసి, గొంతు తగ్గించి అంది.

"పొయ్యొచ్చినంక చెప్పు. నెల రోజులే గద. గా రాయి యాడికి వోదు."

"అప్పటికి వ్యాసం అచ్చుల పడ్తది."

"పడనీ. ఎవలకు తెలుస్తది?"

ఆమె అడిగింది అతనికి తప్పుగా అనిపించలేదు. తన మనసు కూడా అదే అంటోంది. మరుసటి రోజు పనిలోకి వెళ్ళాడు గాని ఏమీ కోయలేకపోయాడు. ఒక స్లైడు చివరిదాకా తెచ్చి, ఒక చుట్టు ఎక్కువ రుద్దాడు. పొర పోయి గాజు మిగిలింది. అలా పొర పోగొట్టుకుని ఎన్నేళ్ళయిందో. దాన్ని కడిగి, తుడిచి, తువ్వాలు భుజాన వేసుకుని పంజాగుట్ట వైపు నడిచాడు.

హనుమత్ప్రసాద్ గారు ఇంట్లోనే ఉన్నారు. బల్ల మీద వ్యాసం పరుచుకుని తప్పులు దిద్దుకుంటున్నారు. రా, కూర్చో అన్నారు. రాజనర్సయ్య కూర్చోలేదు.

"సార్, గా సీసం రాయిది గాదు. నేను పెట్టిన బొట్టుది."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. "ఏంటి రాజనర్సయ్యా, బొట్టేంటి?"

రాజనర్సయ్య మొదటి నుంచీ చెప్పాడు. దసరా, నూనె, సిందూరం, తడిగుడ్డ, వేడిపలక, వాసన, గేటు రంగు. జేబులోంచి రాతిముక్క తీసి, నారింజరంగు ఉన్న వైపు పైకి తిప్పి వ్యాసం పక్కన పెట్టాడు. ఆయన కళ్ళద్దాలు తీసి, భూతద్దం తెచ్చుకుని చూశారు. కోపం వస్తుందని రాజనర్సయ్య ఎదురుచూశాడు. ఆయన పరీక్షలో అడిగినట్టు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఏ రాయికి ముందు పెట్టావు? వేలు మళ్ళీ ముంచావా?

"మూడోదానికి ఎక్కువ పెట్టావా?"

"లేదు సార్. మూడింటికీ ఒక్కటే తీరు పెట్టిన. మూడోదానికి బొక్కలెక్కువ. అదే ఎక్కువ తాగింది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ఆ మూడు చుక్కల గీత బల్ల మీదే ఉంది. ఇప్పుడు కూడా అది తిన్నగానే ఉంది. బొక్కలు పెరిగిన కొద్దీ సీసం పెరుగుతోంది. ఆ మాటలో అబద్ధం లేదు. సీసం కింద నుంచి రాలేదు, పై నుంచి వెళ్ళింది. అంతే తేడా.

"నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు." అన్నారు.

"నాకు ఎరుకే గద సార్."

ఆయన తల ఊపారు. కాఫీ తాగి వెళ్ళమన్నారు. ఆ సాయంత్రమే వ్యాసం ఆపుకుంటున్నామని, ఓడలో తమకు చోట్లు ఏ కారణానికి ఇచ్చారో ఆ కారణం ఇక లేదని రెండు ఉత్తరాలు రాశారు. ఎవరి వల్ల జరిగిందో రాయలేదు. నమూనాలు తయారుచేయడంలో మా లోపం అని రాశారు.

పది రోజులకు జవాబు వచ్చింది. రెండు చోట్లు తీసేసి, ఒక్కటి ఉంచారు. అది మీరే పొండి సార్ అన్నాడు రాజనర్సయ్య. ఆయన భావన పేరు రాసి పంపారు. రాళ్ళతో ఇంకా ముప్పై ఏళ్ళు ఉండాల్సింది ఆ అమ్మాయి, నేను కాదు అన్నారు. రాజనర్సయ్యకు రాయి ఎలా ఎంచాలో భావనకు నేర్పే పని మిగిలింది. బుడగలు తక్కువున్న చోట కొట్టమని, సుత్తి మొన తగిలిన వైపు పొడికి వాడొద్దని, ఒక్కో రాయిని విడిగా కొత్త గుడ్డసంచిలో కట్టమని చెప్పాడు. సంచులు సత్తెమ్మ కుట్టింది. మిగిలిన గుడ్డలో కొత్త బూట్లు చుట్టి అటక మీద పెట్టింది.

జనవరి చివర్లో ఒక మధ్యాహ్నం హనుమత్ప్రసాద్ గారు మెట్ల కింద గదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఆయనకు అక్కడ పనేమీ లేదు. ఓడ వెనక్కి వచ్చే రోజని ఇద్దరికీ తెలుసు. రాజనర్సయ్య ఫోను మోగింది.

"నర్సయ్య గారూ, చూశానండీ." భావన గొంతు దూరంగా ఉంది.

"ఎట్లుంది బిడ్డా?"

ఆమె, ఓడ మీద నుంచే చూడనిచ్చారనీ, దిగనివ్వలేదనీ, సంచులన్నీ ఖాళీగానే తెస్తున్నాననీ చెప్పింది. పగలు చూస్తే నల్లటి కుప్పలానే ఉందట. కదలనట్టే ఉందట. రేవులో దిగినప్పటి నుంచీ అందరూ అడుగుతున్నారు గాని ఎలా చెప్పాలో తెలియడం లేదంది.

"చూస్తూ ఉంటే ఒకచోట నలుపు పగిలిందండీ. లోపల ఎర్రగా ఉంది. పారింది. మళ్ళీ నల్లగా అయిపోయింది."

"ఎంత సేపట్ల నల్లగైంది?"

"లెక్కపెట్టలేదండీ."

"జర యాది జేస్కో."

ఆమె ఆలోచించింది. "పది అంకెలు లెక్కపెట్టేంత సేపేమో."

"మొకానికి సెగ తగిలిందా?"

"లేదండీ. చాలా దూరంలో ఉన్నాం."

పైలంగా రా బిడ్డా అని ఫోను పెట్టేశాడు. ఏమంది, ఏమంది అని హనుమత్ప్రసాద్ గారు అడిగారు. పది లెక్కపెట్టే లోపల ఎరుపు పోయి నల్లగైతదంట సార్ అన్నాడు. ఆయన ఆ మాటను పెదాలతో మళ్ళీ అనుకున్నారు. ఆయన అడుగుపెట్టిన నాడు ఆ దీవి చల్లగా పడి ఉంది. ఇన్నేళ్ళు లావా గురించే పాఠం చెప్పిన మనిషి, అది పారుతుండగా తనూ చూడలేదు. ఆ సంగతి రాజనర్సయ్యకు అంతవరకూ తట్టలేదు. అది ఆ క్షణంలో ఆయన ముఖంలో కనిపించింది.

పైన క్లాసు వదిలారు. మెట్ల మీద చెప్పుల చప్పుడు తగ్గేదాకా రాజనర్సయ్య ఆగాడు. తర్వాత ఎదుటి గోడకేసి చూస్తూ, చిన్నగా మొదలుపెట్టాడు.

"ఒకటి. రెండు."

"ఇంకా నెమ్మదిగా," అన్నారు హనుమత్ప్రసాద్ గారు, కళ్ళు మూసుకుని.

"మూడు." కొంచెం ఆగాడు. "నాలుగు."

ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. పది దాకా పోతే ఎరుపు నల్లబడిపోతుందని, ఎనిమిది దగ్గర రాజనర్సయ్య లెక్క ఆపేశాడు. ఆయన కూడా తొమ్మిది అనలేదు.